అమ్మ స్ట్రిక్ట్ అయితే పిల్లకు కలెక్షన్ బొమ్మ ఎలా కొనాలి

బార్బీ లాంటి, ఒక్కోటి పోగుచేసుకునే కలెక్షన్ బొమ్మ కొనాలంటే, షాపుకు వెళ్లేముందే పిల్ల వాళ్ల అమ్మకు ఫోన్ చేయండి. రెండేళ్ల కింద నేను అడగకుండా నా మేనకోడలికి పొట్టి గౌను బార్బీ తీసుకుని నల్గొండ వెళ్లాను. మా వదిన ఒక్క మాట అనలేదు, బొమ్మను బీరువా మీద పెట్టేసింది. పిల్ల దాన్ని కింద నుంచి చూస్తూ ఉండిపోయింది, అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

"బొమ్మ కొననా?" అంటే "వద్దు" అనే వస్తుంది. "వదినా, నీకు అందులో ఏం నచ్చదు?" అని అడగండి. బట్టలా, ధరా, చదువు పాడవుతుందనా, అది తేలితే సగం పని అయినట్టే.

గొడవంతా బట్టలతోనే అయితే కుట్టేయొచ్చు. మామూలు బార్బీ 11.5 అంగుళాలు ఉంటుంది. పోచంపల్లి, పుట్టపాక నేత బట్ట మన ఇళ్లలో జాకెట్లు కుట్టగా ఎంతో కొంత మిగిలే ఉంటుంది, ఒక చిన్న ముక్కతో లంగా, జాకెట్టు అయిపోతాయి, వెనకాల ప్రెస్ బటన్ పెడితే పిల్లే బొమ్మకు తొడుగుతుంది. కానీ 2016 నుంచి బొద్దుగా, పొడుగ్గా, పొట్టిగా ఉండే బార్బీలు కూడా వస్తున్నాయి, ఒకదాని బట్టలు ఇంకోదానికి పట్టవు, కాబట్టి కొనేవన్నీ ఒకే రకం ఒళ్లున్నవి చూసుకోండి. ఎరుపు, నలుపు బట్టయితే ముందు నీళ్లలో నానబెట్టి చూడండి, రంగు దిగేదైతే బొమ్మ ఒంటికి అంటుకుంటుంది, ఒక పట్టాన పోదు. లోపల తెల్లబట్ట లైనింగ్ వేస్తే మంచిది.

చదువు గురించి టెన్షన్ పడే వాళ్లకు డాక్టర్, సైంటిస్ట్ బార్బీలు చూపించండి. వ్యోమగామి బార్బీ 1965లోనే వచ్చింది, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి నాలుగేళ్ల ముందు. మా అన్న మెత్తబడింది ఈ మాటకే.

లబూబు (పళ్లు బయటపెట్టి నవ్వే బొచ్చు బొమ్మ) లాంటివి డబ్బా తెరిచేదాకా ఏది వస్తుందో తెలియకుండా అమ్ముతారు. అది జూదం అనే తల్లిదండ్రులదే న్యాయం అంటాను నేను, చిన్నపిల్లలకు ఆ అలవాటు వద్దు.

డబ్బా మీద ఐఎస్ఐ మార్కు చూడండి, 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. పెద్దవాళ్ల కలెక్షన్ కోసం అని రాసి ఉంటే పిల్లలకు తీసుకోకండి. ఇంట్లో పాకే తమ్ముడుంటే బొమ్మ చెప్పులు వేరే కవర్లో దాచాలి, నోట్లో పెట్టుకుంటాడు.

ప్లాస్టిక్కే వద్దంటే నిర్మల్ కొయ్యబొమ్మలు ఏడాదికొకటి కొనండి, దసరాకో సంక్రాంతికో కొలువులో పెట్టుకుంటుంది.

ఏది కొన్నా అమ్మ చేతికే ఇవ్వండి, పిల్లకు ఆవిడే ఇస్తుంది. మొన్న దసరాకు బీరువా మీది బార్బీ కిందికి దిగింది, మా వదినే లంగా కుట్టింది. జాకెట్టు చేతులు బిగుతయ్యాయట, కొలత ఎంత పెట్టాలో చెప్పమని నాకు ఫోన్ చేసింది.