సిబిల్ రిపోర్టు మనమే తీసి చదువుకోవడం ఎలా? స్కోరు ఒక్కటే చూసి వదిలేయకండి

లోన్ కోసం బ్యాంకుకు పోతే మేనేజర్ సార్ కంప్యూటర్‌లో ఏదో చూసి "మీ సిబిల్ బాలేదు" అని కాగితాలు తిరిగి చేతిలో పెడతాడు. ఎందుకు బాలేదో విడమరిచి చెప్పే తీరిక ఆయనకుండదు, నిలబెట్టి అడగడానికి మనకు మొహమాటం. సిబిల్ రిపోర్టు అంటే మన అప్పులు, వాటి కిస్తీలు ఎలా కట్టామో చెప్పే చిట్టా, దాన్ని బట్టి వేసే మార్కే స్కోరు. అందులో రాసేది మనం కాదు, బ్యాంకులు, ఫైనాన్సులు పంపే లెక్కలే పడతాయి. వాళ్లు తప్పు పంపినా ఫోన్ చేసి చెప్పేవాళ్లెవరూ ఉండరు. అందుకే డబ్బు అవసరం నెత్తి మీదికి రాకముందే చూసుకోవాలి, తప్పు దొరికితే సరిచేయించడానికి నెల పట్టొచ్చు, వానాకాలం నాట్లప్పుడు అంత ఆగడం ఎవరివల్ల అవుతుంది?

ఇంకో మాట. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని చాలామంది భయపడతారు. తగ్గదు. లోన్‌కు అప్లై చేసినప్పుడు బ్యాంకు చూసేది వేరు, అది ఎంక్వైరీగా రికార్డవుతుంది, అలాంటివి కొద్ది రోజుల్లోనే నాలుగైదు పడితే స్కోరు మీద దెబ్బ పడొచ్చు.

ముందుగా: ఫ్రీగా తీసుకోండి

మనం అన్నిటినీ సిబిల్ అంటాం కానీ ఈ పని చేసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఒక్కో కంపెనీ జనవరి నుంచి డిసెంబర్ లోపు ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అంటే మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కనిపెట్టుకోవచ్చు. నేరుగా ఆ కంపెనీ వెబ్‌సైట్‌కే వెళ్లండి. పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్, ఈమెయిల్ ఇస్తే ఓటీపీ వస్తుంది. నెలవారీ ప్లాన్ కొనమని పెద్ద బటన్లు కనిపిస్తాయి, వాటిని దాటి ఫ్రీ రిపోర్టు ఎక్కడుందో ఓపికగా వెతకాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించుకుంటే లాగౌట్ చేయించి, డౌన్‌లోడ్ అయిన ఫైలు కూడా డిలీట్ చేయించి రండి.

తర్వాత: పేరు, పాన్, ఫోన్

ఇది రెండు నిమిషాల పని. మన దిక్కు ఒక్క ఊళ్లోనే ముగ్గురు యాదయ్యలు, నలుగురు నర్సింహలు ఉంటారు, ఇంటిపేరు కూడా కలిస్తే ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడే అవకాశం లేకపోలేదు. పాన్, పుట్టిన తేదీ మీవేనా, ఎప్పుడూ వాడని ఫోన్ నంబరో తెలియని అడ్రసో ఉందా చూడండి.

అసలు పని: ఖాతాలు ఒక్కొక్కటి చదవడం

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, అందరూ అదొక్కటి చూసి ఫోన్ జేబులో పెట్టేస్తారు. కథంతా కింద ఖాతాల దగ్గరుంది. ప్రతి లోన్‌కూ ఎప్పుడు తీసుకున్నారు, ఎంత మంజూరైంది, ఇప్పుడెంత ఉంది, గడువు దాటిన బాకీ ఎంత అని రాసి ఉంటుంది. దాని కింద నెలనెలా ఒక చిన్న గడి. గడిలో 000 ఉంటే ఆ నెల కిస్తీ టైంకు కట్టినట్టు, 030 ఉంటే 30 రోజులు లేటైనట్టు, ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని ఉంటే ఆ నెల బ్యాంకు లెక్కే పంపలేదని అర్థం. మీరు టైంకు కట్టిన నెలలో 030 కనిపిస్తే పాస్‌బుక్ ఎంట్రీ తీసి పక్కన పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పంట రుణం మొదటిది. 2024లో తెలంగాణలో 2 లక్షల వరకు మాఫీ అయింది, అయితే మాఫీ పడిన ఖాతాలో పాత మిత్తి కొంచెం మిగిలినా అది బాకీగానే కనిపించొచ్చు, "మాఫీ అయిపోయింది కదా" అని వదిలేయకుండా బ్యాంకులో అడిగి తేల్చుకోండి. రెండోది, బ్యాంకులు కలిసిపోవడం: ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి, 2025 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ వాళ్ల తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంక్ కిందికి వచ్చాయి. ఒకే లోన్ పాత పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఇంకోసారి కనిపిస్తోందా చూడండి, అలా ఉంటే ఉన్న అప్పు రెండింతలుగా లెక్క తేలుతుంది.

ఇక షూరిటీ. బామ్మర్ది ట్రాక్టర్ లోన్‌కు పెట్టిన సంతకం మనం మర్చిపోతాం, రిపోర్టు మర్చిపోదు. ఆ ఖాతా దగ్గర గ్యారంటర్ అని రాసి ఉంటుంది, ఆయన కిస్తీలు ఎగ్గొడితే మన లోన్‌కూ అడ్డం రావొచ్చు. చుట్టరికం చెడుతుందని అడగకుండా ఊరుకుంటారు చాలామంది, నన్నడిగితే ముందే అడిగి నాలుగు మాటలు పడటమే నయం.

"సెటిల్డ్" అనే మాట కనిపిస్తే ఆగండి. బాకీలో కొంత తగ్గించుకొని ఒకేసారి కట్టిన లోన్ అలా పడుతుంది, బ్యాంకులు దాన్ని పూర్తిగా కట్టినట్టు చూడవు. మొత్తం కట్టేసిన లోన్ "క్లోజ్డ్" అనే ఉండాలి. నో డ్యూస్ కాగితం చేతిలో ఉండి కూడా ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తే అది తప్పే.

చివర్లో ఎంక్వైరీల లిస్టు ఉంటుంది. మీరు అడుగే పెట్టని కంపెనీ పేరు అక్కడ కనిపించినా, ఎరగని యాప్ లోన్ మీ పేరున ఉన్నా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి.

తప్పు దొరికితే

అదే వెబ్‌సైట్‌లో డిస్‌ప్యూట్ అనే చోట ఆ ఖాతాను ఎంచుకొని ఏది తప్పో రాయండి, ఫీజు లేదు. కంపెనీ దాన్ని తనంతట తాను మార్చదు, బ్యాంకు ఒప్పుకోవాలి, కాబట్టి బ్రాంచికి కూడా ఒక అర్జీ రాసిచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పలకకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అధికారి, అంటే అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి. ఇంతలో "ఐదు వేలిస్తే వారంలో స్కోరు పెంచుతాం" అని వచ్చేవాళ్లకు పాన్ కాపీ కూడా ఇవ్వకండి, వాళ్లు చేసేదీ ఇదే ఫిర్యాదు.

సరిచేశామని మెసేజ్ వచ్చాక మిగతా మూడు కంపెనీల్లో ఒకదాని ఫ్రీ రిపోర్టు తీసి, అక్కడా ఆ ఎంట్రీ మారిందో లేదో చూడండి. మారకపోతే అక్కడ కూడా డిస్‌ప్యూట్ వేయాల్సిందే.