అరికాలికి నేల తెలియనప్పుడు

మాది పొందూరు. మగ్గం గుంటలో కూర్చుని చెక్కలు తొక్కే పని నాది. ఒకరోజు కుడికాలు చెక్క మీదుందో, పక్కన మట్టి మీదుందో వంగి చూస్తేగాని తెలియలేదు. హెచ్‌ఐవీ వల్ల పాదాల నరాలు దెబ్బతింటాయట. అప్పట్లో హెచ్‌ఐవీకి నేను వేసుకున్న స్టావుడిన్ మాత్ర వల్ల కూడానట. 2009 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని దశలవారీగా మానిపించమంది. నాకూ మందు మార్చారు, తిమ్మిరి మాత్రం పోలేదు.

ముందు డాక్టరుకి చూపించుకోండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అంటే కొడితే కంపించే లోహపు కడ్డీ, మోగించి బొటనవేలి మీద ఆనించి, "జుమ్మంటోందా?" అన్నారు. "ఇంకా పెట్టలేదు కదా సార్?" అన్నాను నేను! షుగరు, బీ12 విటమిన్ తక్కువవడం, సారా, టీబీకి వాడే ఐసోనియజిడ్ కూడా తిమ్మిరి తెస్తాయి. అనుమానం వచ్చిందని ఏఆర్‌టీ మాత్రలు, అంటే హెచ్‌ఐవీ మందులు, మీ అంతట మీరు ఆపకండి.

ఇక పాదాల మంటకి కరెంటు మిషను, అదే టెన్స్. చర్మానికి అంటించిన ప్యాడ్ల గుండా సన్నని కరెంటు పంపుతుంది. మొదట్లో దాని ప్యాడ్లు అరికాలికే అంటించి, ఏమీ తెలియట్లేదని పెంచుకుంటూ పోయాను. సాయంత్రానికి బొబ్బ. ఇప్పుడు చిన్న దూది పోగుతో పాదం నుంచి పిక్క దాకా రాసుకుంటాను. ఎక్కడ బాగా తెలుస్తుందో అక్కడే, పొడి చర్మం మీద ప్యాడ్లు. చీమలు పాకినట్టు అనిపించగానే కరెంటు పెంచడం ఆపాలి, కండ ఎగరకూడదు. ఇరవై నిమిషాలు చాలు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. పుండు మీద అసలే పెట్టకండి.

దీంతో నాకు మంట తగ్గింది, తూలడం తగ్గలేదు. మనిషికే తెలియనంత సన్నని కంపనం అరికాలికి ఇస్తే షుగరు రోగులకి నిలకడ కాస్త మెరుగైందని పరిశోధనల్లో తేలింది గానీ, అది వేరే పరికరం.

నిలకడకి సాధనే. కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు, ఈ మూడూ కలిసి మనిషిని నిలబెడతాయి. రెండు గోడలు కలిసే మూల వీపు వెనక, బరువైన కుర్చీ ముందు. పాదాలు దగ్గరగా పెట్టి ముప్పై సెకన్లు. కుదిరాక, ఒక కాలి వేళ్ల ముందు ఇంకో కాలి మడమ. కళ్లు మూయడం ఆఖర్న, ఎవరైనా పక్కనుంటేనే. నేను మొదటిసారి మూసినప్పుడు మా ఆవిడ బియ్యం చేట పడేసి పట్టుకుంది: "ఏటలా ఊగిపోతన్నావు, తాగొచ్చినోడిలాగ?"

రాత్రి దొడ్లోకి వెళ్లే దారిలో చిన్న బల్బు ఆర్పొద్దు, చీకట్లో కళ్ల సాయం ఉండదు. మగ్గంలో కుడి చెక్కకి లావుపాటి తాడు చుట్టాను. కాలు జారట్లేదు.