మోకాలు ఎంత వంగుతుందో కొలవడం ఎలా? బీపీటీ ప్రాక్టికల్‌కి వెళ్లేవాళ్ల కోసం

బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో, అనాటమీని బట్టీ కొట్టి గట్టెక్కేవాళ్లు ఉన్నారు. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ చేతికి వచ్చేసరికి మాత్రం దొరికిపోతారు. విజయవాడ, గుంటూరు కాలేజీల నుంచి పోస్టింగ్‌కి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. ఆ ప్లాస్టిక్ చక్రాన్ని మోకాలి పక్కన ఎక్కడో ఒకచోట ఆనిస్తారు, పేషెంట్ కాలు మడవగానే "135 సార్" అంటారు. ఆ 135 డిగ్రీలు పుస్తకంలోవి. ఎదురుగా ఉన్న కాలు ఏం చెబుతోందో చూసిన పాపాన పోరు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పొడవాటి చేతులున్న, పూర్తి చక్రం ఉన్న పారదర్శక ప్లాస్టిక్ గోనియోమీటర్ ఒకటి, ఒక టవల్, చర్మం మీద గుర్తు పెట్టడానికి ఐబ్రో పెన్సిల్, రాసుకోవడానికి కాగితం. విజయవాడలో సూర్యారావుపేట వైపు సర్జికల్ షాపుల్లో అడగండి. స్టీలుది కొనొద్దు, దాని కింద ఏముందో కనపడదు. వేళ్లకి వాడే చిన్నది మోకాలికి అసలు పనికిరాదు. దాని చేయి తొడ మీద నాలుగు వేళ్ల దూరం కూడా రాదు, ఇక గురి ఎలా కుదురుతుంది?

పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టండి. మడమ దగ్గర టవల్ చుట్టి పెడితే మోకాలు పూర్తిగా చాపుకోవడానికి వీలుంటుంది. తొడ నుంచి పాదం దాకా కనపడాలి, మిగతాదంతా దుప్పటితో కప్పాలి. ప్యాంటు మీద నుంచి, చీర మీద నుంచి కొలవడం కొలత కిందికి రాదు. ముట్టుకునే ముందు ఒక మాట చెప్పండి: "మామ్మగారూ, మోకాలు ఎంత వంగుతుందో చూస్తాను, నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పండి." ఈ ఒక్క వాక్యానికి కూడా ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) మార్కులు వేస్తారు, చెప్పనివాళ్లకి కోస్తారు. కొత్తగా ఆపరేషన్ అయిన కాలైనా, ఎముక విరిగిన కాలైనా డాక్టర్ సరే అనేదాకా మడవొద్దు.

బాగున్న కాలిని ముందు కొలవాలి. పుస్తకాల్లో మోకాలికి సున్నా నుంచి 135 అని ఉంటుంది, కొన్నింటిలో ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. కింద కూర్చుని భోంచేసే అలవాటున్న మనవాళ్లలో 140 దాటేవాళ్లు బోలెడుమంది. ఆ మనిషికి ఎంత వంగడం మామూలో చెప్పేది ఆ మనిషి రెండో కాలే.

ఎముక గుర్తులు: అందరూ తప్పేది ఇక్కడే

మూడు చోట్లు కావాలి. పైన తుంటి పక్కన గ్రేటర్ ట్రోకాంటర్, మధ్యలో మోకాలి బయటివైపు తొడ ఎముక మీద లేటరల్ ఎపికాండైల్, కింద చీలమండ బయటి ముడి, అంటే లేటరల్ మాలియోలస్. కింది ముడి చిన్నపిల్లాడికి కూడా దొరుకుతుంది. ట్రోకాంటర్ కోసం తుంటి పక్కన అరచేయి పెట్టి, రెండో చేత్తో కాలిని లోపలికీ బయటికీ తిప్పండి. చేతి కింద దొర్లే ఎముకే అది. కాస్త ఒళ్లున్న మనిషైతే ఓపిక పట్టి గట్టిగా నొక్కి వెతకాలి.

తంటా అంతా మధ్యలోదే. మోకాలి బయటివైపు చేయి పెట్టగానే ఒక ముడి తగులుతుంది. దొరికిందని చక్రం దానిమీదే పెట్టేస్తారు. అది ఫిబ్యులా తల, అంటే పిక్క బయటివైపు ఉండే సన్నటి ఎముక పైకొన. మోకాలి కీలు కన్నా కింద ఉంటుంది. అక్కడ పెట్టి కొలిచిన అంకెకి అర్థం లేదు. ఇంకొందరు మోకాలిచిప్ప అంచున పెడతారు, అదీ తప్పే.

నేను చెప్పే దారి ఇది. మోకాలిని కొంచెం వంచండి. ఫిబ్యులా తల మీద వేలు పెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా పైకి జరపండి. ఒకచోట వేలు మెత్తగా లోపలికి దిగుతుంది. అది కీలు గీత, కాలు కదిపితే ఇంకా బాగా తెలుస్తుంది. దాన్ని దాటి పైకి వెళ్తే మళ్లీ ఎముక వస్తుంది. దానిమీద అన్నిటికన్నా బయటికి పొడుచుకొచ్చిన చోటే లేటరల్ ఎపికాండైల్. అనుమానం తీరకపోతే, మోకాలు బాగున్న మనిషైతే, చీలమండని రెండో మోకాలి మీద పెట్టించండి. అప్పుడు ఫిబ్యులా తల నుంచి పైకి బిగుసుకున్న తాడులాంటిది వేలికి తగులుతుంది. అది లేటరల్ కొల్లేటరల్ లిగమెంట్. దాన్ని పట్టుకుని పైకి వెళ్తే సరిగ్గా ఎపికాండైల్ దగ్గరికే చేరుస్తుంది. వైవాలో ఈ లిగమెంట్ ఎక్కడ అతుక్కుంటుందని అడిగితే జవాబు కూడా మీ వేలికే తెలిసి ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. కాలు చాపి ఉన్నప్పుడు పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. కాలు మడిచాక ఆ గుర్తు కింద ఎపికాండైల్ ఉండదు. చర్మం జరిగిపోతుంది, ఎముక జరగదు. మే నెలలో బెజవాడ చెమటకి ఆ గుర్తు ఎలాగూ చెదిరిపోతుందనుకోండి, చెదరకపోయినా నమ్మొద్దు. పెన్సిల్ గుర్తు వెతుక్కోవడానికి ఆసరా మాత్రమే. కాలు పూర్తిగా మడిచిన చోట ఆపి, ఎముకని వేలితో మళ్లీ వెతికి, అప్పుడు చక్రం పెట్టాలి. ముందే చక్రం ఆనించి, కాలుతో పాటు దాన్నీ తిప్పుకుంటూ పోయేవాళ్లకి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

మడిచేటప్పుడు తుంటిని కూడా వంగనివ్వాలి, తొడ దాదాపు నిటారుగా లేచేదాకా. తొడ పక్కకి ఒరగకుండా, మెలి తిరగకుండా మీరు పట్టుకోవాలి. ముందు పేషెంట్‌ని సొంతంగా మడవమనండి, తర్వాత మీరు మెల్లగా ఇంకాస్త మడవండి. రెండూ వేరు వేరుగా రాయాలి. మామూలు మోకాలిలో పిక్క వెళ్లి తొడకి ఆనుకుని మెత్తగా ఆగుతుంది. అంతకు ముందే గట్టిగా అడ్డుపడితేనో, నొప్పితో మొహం చిట్లిస్తేనో అది కూడా రాయాల్సిందే.

బోర్లా పడుకోబెట్టి కొలిచేవాళ్లున్నారు. నాకు అది గిట్టదు. తొడ ముందువైపు ఉండే రెక్టస్ ఫిమోరిస్ కండరం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తుంది. బోర్లా పడుకుంటే తుంటి చాపి ఉంటుంది, కండరం అక్కడే సాగిపోయి మోకాలిని పూర్తిగా వంగనివ్వదు. అప్పుడు మీరు కొలిచింది మోకాలినా, కండరం బిగువునా? ఇక ఫోన్ యాప్‌లు. అంకె చెబుతాయి, కాదనను. కానీ "ఫల్‌క్రమ్ (చక్రం మధ్యబొట్టు) ఎక్కడ పెట్టావమ్మా?" అని ఎక్స్‌టర్నల్ అడిగినప్పుడు ఫోన్ నోరు తెరవదు.

చక్రం మధ్యబొట్టు ఎపికాండైల్ మీద పెట్టాక కదలని చేతిని, అంటే స్టేషనరీ ఆర్మ్‌ని తొడ బయటివైపు మధ్యగా ట్రోకాంటర్ వైపు గురిపెట్టండి. కదిలే చేతిని, అంటే మూవబుల్ ఆర్మ్‌ని ఫిబ్యులా వెంబడి చీలమండ ముడి వైపు ఉంచండి. కాలి ముందు ఎముక అంచు వెంబడి పెట్టొద్దు. తర్వాత మీరు వంగి, కళ్లు అంకెలకి ఎదురుగా తెచ్చి చదవండి. నిలబడి పైనుంచి చూస్తే తేడా వస్తుంది. చక్రం మీద రెండు వరుసల అంకెలుంటాయి, 135 ఉన్నచోటే 45 కూడా ఉంటుంది. కాలు లంబకోణం కన్నా ఎక్కువ వంగిందా లేదా అని ముందు కంటితో చూస్తే ఏ వరుస చదవాలో తెలిసిపోతుంది.

రాసేటప్పుడు రెండు అంకెలూ ఉండాలి. పూర్తిగా చాపలేని కాలు 15 దగ్గర మొదలై 95 దగ్గర ఆగితే "15 నుంచి 95" అనాలి. మైనస్ 15 అని రాయొద్దు, దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. పక్కనే కుడా ఎడమా, వెల్లకిలా బోర్లా, సొంతంగా మడిచారా మీరు మడిచారా అన్నది కూడా ఉండాలి. మోకాలి మార్పిడి అయినవాళ్ల పిల్లలు రోజూ బంగారం రేటు అడిగినట్టు "ఈ రోజు ఎంత వచ్చిందండీ?" అంటారు. నిన్న 88, ఈ రోజు 91 అని సంబరపడి చెప్పకండి. ఐదు డిగ్రీల లోపు తేడా కొలిచే చేతిదే కావచ్చు. మెట్లు ఎక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి 90, 100 దగ్గర వంగితే దాదాపు సరిపోతుందని చెబితే వాళ్లకి టెన్షన్ తగ్గుతుంది.

పరీక్ష ముందు రోజు అద్దం ముందు సొంత కాలు కొలుచుకుంటే ఉపయోగం లేదు. హాస్టల్లో ముగ్గురు కలవండి. ఒకరు పడుకోవాలి, ఇద్దరు విడివిడిగా అదే మోకాలిని కొలిచి, ఒకరి అంకె ఒకరికి చూపించకుండా రాసుకోవాలి. కాగితాలు తెరిచాక తేడా ఐదు దాటితే వాదించుకోవద్దు, ఇద్దరూ మళ్లీ ఫిబ్యులా తల దగ్గరి నుంచి మొదలుపెట్టండి. సన్నటి స్నేహితుడి మీద కుదిరాక కాస్త బొద్దుగా ఉన్నవాడిని పిలవండి. వార్డులో ఎదురయ్యే మోకాళ్లు ఎక్కువగా అలాంటివే.