నిజం మనుషులతో వీడియో గేమ్, వైజాగ్‌లో ఫోన్‌తో తీయడం ఎలా

షార్ట్ ఫిల్మ్ తీయడం వచ్చినోళ్ళకి ఇది మరీ కొత్త పనేం కాదు గానీ, ఒక్క షాట్ మాత్రం సినిమాలో ఉండదు, ఆడేవాడు ఏ బటన్ నొక్కాలా అని ఆలోచిస్తున్నంతసేపూ తెర మీద మనిషి ఎదురుచూస్తూ ఉండాలి కదా, ఆ షాట్. అక్కడ వీడియో ఆపేస్తే ఫొటోలా చచ్చుగా ఉంటాది.

"ఏరా, టీ చల్లారిపోతంది, వస్తావా రావా?" అని అడిగాక యాక్టర్‌ని కట్ చెప్పకుండా ఇంకో 10-15 సెకన్లు మామూలుగా కూర్చోమనండి, కళ్ళార్పొచ్చు, అటూ ఇటూ చూడొచ్చు, కానీ చివర్లో చెయ్యి మళ్ళీ గ్లాసు మీద మొదట ఉన్నచోటికే రావాలి, అప్పుడే ఆ క్లిప్ లూప్‌లో, అంటే మళ్ళీ మళ్ళీ మొదటినుంచి తిరుగుతున్నప్పుడు, అతుకు తెలీదు. ట్రైపాడ్ మస్ట్. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేసేయండి.

ఆర్కే బీచ్‌లో తీద్దాం అంటారు అందరూ. నడిచే సీన్లకి ఓకే, లూప్ షాట్‌కి మాత్రం వద్దు, వెనక పోతున్న మనిషి అతుకు దగ్గర టక్కున మాయమైపోతాడు. పైగా పొద్దున్న సూర్యుడు సముద్రం వైపే కాబట్టి ఆ వైపు కెమెరా పెడితే మొహాలు నల్లగా వస్తాయి, గాలికి డైలాగ్ ఒక్కటీ వినపడదు. ఇంట్లో ఫ్యాన్ ఆపి తీసుకోండి, చెమట పడితే పట్టనీండి. మనుషులు లేకుండా ఆ గది శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసి గేమ్ అంతా కింద నడిపిస్తే వీడియో మారినప్పుడు సౌండ్ తెగదు.

కథ దగ్గర ఆశ పడొద్దు. ప్రతిసారీ 2 దారులు పెట్టి 5 సార్లు చీలిస్తే మొదటిదాంతో కలిపి 63 క్లిప్పులు, ఎవడు తీస్తాడు? దారుల్ని మళ్ళీ ఒకచోట కలిపేయండి. లేదంటే 2015లో వచ్చిన హర్ స్టోరీ అనే గేమ్ చూడండి, ఒకే నటి పోలీసులకి సమాధానాలు చెప్తుంటాది, మనం మాట టైప్ చేస్తే ఆ మాట ఉన్న క్లిప్పులు వస్తాయి, అదీ మొదటి 5 మాత్రమే. చీలికల గొడవే లేదు, నాకైతే మొదటి గేమ్‌కి ఇదే బెస్ట్.

1995లో ఫాంటస్మగోరియా అనే గేమ్ అందులోని వీడియో వల్ల 7 సీడీల్లో వచ్చింది, మీరు మాత్రం క్లిప్పుల్ని 720పీ వెబ్‌ఎమ్ (WebM) అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చి రెన్‌పై (Ren'Py) అనే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకుంటే చాలు, అది ఫ్రీయే. బటన్ల మీద తెలుగు వత్తులు విడిపోతుంటే అక్షరాల్ని ఇమేజ్‌గా చేసి పెట్టేయండి.