డ్రైసూట్‌లో పైకి తేలిపోతున్నారా? సీసం కలిపే ముందు భుజం చూసుకోండి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో స్టోనీ కోవ్ అని నీళ్లు నిండిన పాత గ్రానైట్ క్వారీ ఉంది. చాలా ఆదివారాలు స్కూబా డైవింగ్ చేస్తూ అక్కడే గడిపాను. డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని, లోపల గాలి ఉండే డైవింగ్ సూట్) కొత్తగా వేసుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, మునగడానికి కట్టుకున్న సీసానికి ఇంకో రెండు కిలోలు కలపనా?" పదిసార్లలో తొమ్మిదిసార్లు నా జవాబు వద్దనే.

అండమాన్‌లో హేవ్‌లాక్‌లోనో, రుషికొండలోనో వెచ్చటి నీళ్లలో, పల్చటి వెట్‌సూట్‌తో (లోపల ఒళ్లు తడిసే రబ్బరు సూట్), నాలుగైదు కిలోల సీసంతో నేర్చుకుని వచ్చిన మనవాళ్లకు ఇక్కడ 12 కిలోలు కట్టుకోమనగానే గుండె గుభేలుమంటుంది. నాలుగు డైవ్‌లు అయ్యాక అది అలవాటైపోయి, ప్రతి జబ్బుకూ సీసమే మందు అనిపిస్తుంది. కోర్సు చేశారని, ఏ వాల్వ్ ఎక్కడుంటుందో తెలుసని అనుకునే రాస్తున్నాను.

సమస్య: అసలు మునగడమే లేదు

సూట్‌లో గాలి మిగిలి ఉంటుంది, అంతే. ఒడ్డునే గొంతుక్కూర్చుని, చేతులతో ఒంటిని గట్టిగా చుట్టుకుని, నీళ్లు రాకుండా మెడను పట్టి ఉంచే సీల్‌ను వేలితో కొంచెం తెరవండి. బుస్సుమని ఎంత గాలి పోతుందో మీకే తెలుస్తుంది. నీళ్లలోకి దిగాక ఎడమ భుజం మీది డంప్ వాల్వ్ (సూట్‌లోని గాలి బయటికి వదిలేది) పూర్తిగా తెరిచి, మోచేయి పైకెత్తి, నిటారుగా ఉండి, ఊపిరి మొత్తం వదిలి ఆగండి. ఆగడం ముఖ్యం. చలికి డ్రైసూట్ లోపల వేసుకునే అండర్‌సూట్ దూది లాంటిది, అందులోని గాలి ఒక్కసారిగా రాదు.

ఇంకోటి, కాళ్లు ఆడించకండి. "మునగట్లేదు" అనే వాళ్లలో సగం మంది తెలియకుండానే ఫిన్స్ కొడుతూ తమను తామే పైకి తోసుకుంటున్నారు. టెన్షన్‌లో ఊపిరి కూడా బిగబడతారు. ఈ రెండూ చూసుకోకుండా సీసం ముట్టుకోవద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది.

సమస్య: కింద బాగానే ఉంది, డైవ్ చివర్లో కాసేపు ఆగాల్సిన 6 మీటర్ల దగ్గర ఆగలేక పైకి వెళ్లిపోతున్నాను

ముందు తేలికవి చూడండి. డంప్ వాల్వ్ మధ్యలో బిగించి మరిచిపోయారా? ఎడమవైపుకు తిప్పి పూర్తిగా తెరవండి. చేయి చాచారు కానీ వాల్వ్ కన్నా మెడ ఎత్తులో ఉందా? గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతుంది, వాల్వ్ అన్నిటికన్నా పైన ఉండేలా మోచేయి లేపి కొంచెం కుడికి ఒరగాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నా గాలి పోవడం లేదా? ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. ఒక చలికాలం మందపాటి కొత్త అండర్‌సూట్ కొన్నాను. మొదటి డైవ్‌లోనే చివర్లో ఆగలేకపోయాను. అండర్‌సూట్ మందం కదా అని 2 కిలోలు కలిపాను. తర్వాతి వారం ఇంకా ఘోరం. మరో 2 కలిపాను. ఆ వారం 6 మీటర్ల నుంచి నేరుగా పైకి తన్నుకొచ్చాను. అదృష్టం బాగుండి ఒంటికి ఏమీ కాలేదు.

సీసం కలిపితే జబ్బు ఎందుకు పెరిగిందో లెక్క చూడండి. 4 కిలోలు అదనంగా మోస్తే, దాన్ని నిలబెట్టడానికి దాదాపు 4 లీటర్ల గాలి అదనంగా పట్టి ఉంచాలి. పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి గాలి ఉబ్బుతుంది. 30 మీటర్ల లోతు నుంచి 24కి వస్తే ఆ గాలి పెరిగేది 18 శాతమే. అదే 6 మీటర్ల నుంచి పైకి వస్తే 60 శాతం. అంటే 4 లీటర్లు 6.4 అవుతాయి. గాలి బయటికి పోయే దారి మూసుకుపోయి ఉన్నప్పుడు ఇంత గాలిని మోయడం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

అసలు దోషి దొరికింది కార్ పార్కులో. సిలిండర్ హోస్ తగిలించి సూట్‌ను బూరెలా ఊదించుకున్నాను. వాల్వ్ తెరిచి మోచేయి లేపితే, పక్కనున్న ఫ్రెండ్ చెవి పెట్టి విన్నాడు. రెండు సెకన్లు బుస్సుమని ఆగిపోయింది, సూట్ మాత్రం ఇంకా ఉబ్బే ఉంది. భుజం దగ్గర బట్ట పట్టి జరిపితే మళ్లీ బుస్సుమంది. సింకు జాలీకి కరివేపాకు అడ్డం పడి నీళ్లు నిలిచినట్టే, బయటికి పోయే గాలే అండర్‌సూట్ బట్టను లాక్కెళ్లి వాల్వ్ లోపలి చిల్లులకు అతికిస్తోంది. కొన్ని అండర్‌సూట్‌లకు ఎడమ చేతి దగ్గర గాలి ఆడే జాలీ గుడ్డ కుడతారు. నాదానికీ ఉంది, కానీ నా సూట్ వాల్వ్ దానికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది!

వాల్వ్ ఎదురుగా జాలీ గుడ్డ వేయించుకోవడం శాశ్వత పరిష్కారం. లోపలి టీషర్ట్ చేయి అక్కడ ముద్దగా చుట్టుకోకుండా, జిప్ వేసే ముందు సర్దుకోండి. నీళ్లలో ఉండగా బుస్ ఆగిపోతే చేయి దించి, విదిలించి, మళ్లీ ఎత్తండి. అప్పటికీ రాకపోతే చేయి పైకెత్తి, మణికట్టు సీల్‌ను వేలితో తెరిచి గాలి వదలండి. చేయి తడుస్తుంది, తడవనివ్వండి. ఈ లోపు ఊపిరి మాత్రం బిగబట్టకండి.

గాలి దారి బాగయ్యాక బరువు మళ్లీ తూచుకోండి. డైవ్ చివర్లో సిలిండర్‌లో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉండగా, బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఖాళీగా, వాల్వ్ తెరిచి, 4-5 మీటర్ల దగ్గర కదలకుండా నిలవగలిగితే చాలు. మొదట్లోనే చూసుకుంటే 12 లీటర్ల సిలిండర్‌లో 220 నుంచి 50 బార్‌కు వచ్చేసరికి ఖర్చయ్యే గాలి బరువు రెండున్నర కిలోలు ఉంటుందని గుర్తుంచుకోండి. నేను కలిపిన 4 కిలోల్లో 3 తీసేశాను. మందపాటి అండర్‌సూట్‌కు నిజంగా కావలసింది 1 కిలోనే.

సమస్య: కాళ్లు పైకి లేచిపోతున్నాయి

ఎక్కువ సీసం, అందువల్ల ఎక్కువ గాలి, అది బూట్లలోకి చేరడం. పైది సరిచేస్తే చాలామందికి ఇది కూడా పోతుంది. బూట్లు వదులైతే మార్చండి. తలకిందులైపోతే మోకాళ్లు పొట్టలోకి ముడిచి గట్టిగా దొర్లండి, నిటారయ్యాక గాలి వదలండి. చీలమండ బరువులు ఆఖరి మాట.

మిగతావి

క్వారీ మంచినీటి నుంచి స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో లాంటి సముద్రానికి వెళ్తే దాదాపు 3 కిలోలు నిజంగానే కలపాలి, అది ఉప్పు నీటి లెక్క. స్టీల్ సిలిండర్ బదులు అల్యూమినియం తీసుకున్నా సీసం పెంచాలి. ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి ఎక్కించే వాల్వ్) ఉప్పు పట్టి దానంతటదే గాలి ఎక్కించడం అరుదు. అలా అయితే హోస్ పీకేయండి. మందపాటి గ్లోవ్స్‌తో పీకడం ఒడ్డున ఓ నాలుగుసార్లు ప్రయత్నించి చూడండి, మొదటిసారి ఎవరికీ రాదు.