మా చింటూగాడి రాగి బిస్కెట్లు

పొద్దున షికారు నుంచి రాగానే మా కుక్క చింటూగాడికి ఏదో ఒకటి నోట్లో పడాలి. అందుకే వారానికోసారి ఈ బిస్కెట్లు చేసి పెట్టుకుంటాను.

ఒక మాదిరి చిలగడదుంప ఉడకబెట్టి, తొక్కా పీచూ తీసేసి మెత్తగా మెదపండి. కప్పు రాగిపిండి, ఒక గుడ్డు కలపండి. ఉప్పు, బెల్లం అసలు వద్దు. నీళ్లు ముందే పోయకండి, దుంపలో తడే దాదాపు సరిపోతుంది. చిన్న ఉండ చేసి వేలితో నొక్కండి. అంచులు పగిలితే చెంచాడు నీళ్లు చిలకరించండి, వేలికి అంటుకుంటే ఇంకాస్త పిండి చల్లండి.

రూపాయి బిళ్లంత పల్చగా ఒత్తి, పెనం మీద సన్నసెగన మూతపెట్టి రెండువైపులా కాల్చండి. ఒకటి విరిచి చూడండి, లోపల పచ్చి జిగట ఉండకూడదు. పూర్తిగా చల్లారాకే పెట్టండి.

మావాడు 12 కిలోలు, రోజుకు రెండే ఇస్తాను. చిరుతిండి రోజు మొత్తం తిండిలో 10 శాతం దాటకూడదు. మొదటిరోజు చిన్న ముక్కే పెట్టి చూడండి.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఇంటికొచ్చిన చుట్టాలకూ చెప్పండి, పాయసంలో కిస్‌మిస్ ఏరి ప్రేమగా పెట్టేస్తారు.

ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి.