ఎమ్మారై అంటే భయపడే పిల్లలకు వీఆర్‌తో ఇంట్లోనే రిహార్సల్ ఎలా?

ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో పిల్లల్ని ఎమ్మారైకి హనుమకొండ తీసుకొచ్చేటప్పుడు "ఏం కాదు బిడ్డా, ఫొటో తీస్తరంతే" అని సర్దిచెబుతాం. కానీ ఏ ఫొటోకూ అంత చప్పుడు రాదు. మెషీన్ టకటకా మొదలవగానే పిల్లలు లేచి కూర్చుంటారు. ఆ గదిని, ఆ చప్పుడును ముందే చూపించడానికే వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ: ఆ గదిలోనే ఉన్నట్టు అనిపించే వీడియో.

ముందు సెంటర్‌కు ఫోన్ చేసి ఎంతసేపు పడుతుందో, ఇంజెక్షన్ ఉంటుందో లేదో కనుక్కోండి. సీటీ స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది, దానికి ఇంత హడావుడి అక్కర్లేదు. ఎమ్మారైకి 20 నుంచి 45 నిమిషాలు పట్టొచ్చు. ఫిట్స్ ఉన్న పిల్లలైతే డాక్టర్‌ను అడగకుండా వీఆర్ పెట్టొద్దు.

ఖరీదైన హెడ్‌సెట్ కొనక్కర్లేదు. ఫోన్ పెట్టి కళ్ల దగ్గర పట్టుకుని చూసే అట్టపెట్టె చాలు, ఫోన్‌లో గైరోస్కోప్ (ఫోన్ ఎటు తిరిగిందో గుర్తించే సెన్సర్) ఉండాలి. చిన్నపిల్లలకు పెట్టె కూడా వద్దు. గది చుట్టూ కనిపించే అదే 360 డిగ్రీల వీడియోను చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ చూపించండి. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ పిల్లల కోసం ఇలాంటి వీడియోలతోనే ఉచిత యాప్ చేసింది. యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ముందు మీరు చూసి, పక్కన కూర్చుని మన మాటల్లో చెప్పండి.

అసలు పని ఆ తర్వాతే. ఐదు నిమిషాలు చూపించి పెట్టె తీసేయండి. తల తిరుగుతోందంటే వెంటనే ఆపేయండి. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెషీన్ చప్పుడు ఫోన్‌లో తక్కువ సౌండ్‌తో పెట్టి "స్టాట్యూ" ఆట ఆడించండి. మొదట ఒక్క నిమిషం, రోజూ కాస్త పెంచండి. కదిలితే బొమ్మ చెదిరి మళ్లీ తీయాల్సి వస్తుందని కూడా చెప్పండి. ఇంజెక్షన్ ఉంటే దాచొద్దు.

హెడ్‌సెట్ వెయిటింగ్ హాల్ వరకే. ఎమ్మారై మెషీన్‌లోని అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, అందుకే లోహపు వస్తువులు లోపలికి తేకూడదు. పట్టీలు, పిన్నీసులు, మొలతాడు బిళ్ళ, తాయెత్తు ముందురోజే ఇంట్లో తీసేయండి. తాయెత్తు అక్కడికక్కడ విప్పమంటే పిల్లాడికంటే నాయనమ్మకే ఎక్కువ టెన్షన్! తోడుగా లోపలికి రానిస్తే మీ ఫోన్, తాళాలు కూడా బయటే పెట్టాలి.

ఇంత చేసినా మత్తు ఇవ్వాలని డాక్టర్ అంటే వాదించొద్దు. పరగడుపున ఉంచమన్న టైమ్ కచ్చితంగా పాటించండి. ఆకలంటున్నాడని ఒక్క బిస్కెట్ పెట్టినా ఆ రోజు స్కాన్ వాయిదా పడొచ్చు.